రెండు గీతల నడుమ దాగిన గోడ

శ్రోతలకు నమస్కారం. అమెరికాలోని యూటా, ఆరిజోనా రాష్ట్రాల ఎడారి కాన్యన్లలో, అంటే నిటారు రాతిగోడల లోయల్లో, దారి వెతుక్కోవడానికి ఆధారం అక్కడి జియలాజికల్ సర్వే వేసిన 1:24,000 మ్యాపు. అందులో ఒక సెంటీమీటరంటే నేల మీద 240 మీటర్లు. ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత కాంటూరు. చాలా షీట్లలో కాంటూరు గీతకూ గీతకూ మధ్య ఎత్తు తేడా 40 అడుగులు. ప్రాణాల మీదికి తెచ్చేది ఈ 40 అడుగులే.

గీతల మధ్య ఎడం ఒక మిల్లీమీటరుంటే వాలు సుమారు 27 డిగ్రీలు, అర మిల్లీమీటరైతే 45. అయితే అది సగటు లెక్క. ఈ రాతినేల వాలుగా దిగదు, మెట్లు మెట్లుగా విరుగుతుంది. 30 అడుగుల నిలువు గోడ రెండు గీతల నడుమ ఆనవాలు లేకుండా ఇమిడిపోగలదు. మ్యాపులో వాగు సాఫీగా దిగుతున్నట్టే కనిపిస్తుంది. నడిచి వెళ్తే ఎండిన జలపాతం అంచు ఎదురవుతుంది. పైనున్న గోడను తాడుతో దిగి, తాడు లాగేసుకున్నాక కింద ఇలాంటిది తగిలితే ముందుకూ వెనక్కూ దారి ఉండదు. అందుకే దిగే ముందు ఉపగ్రహ చిత్రంలో ఆ వాగును అడుగడుగునా చూడాలి. అడ్డంగా పడిన నల్లని నీడ చాలాసార్లు గోడదే.

1902లో ఫ్రాంస్వా మాథెస్ గ్రాండ్ కాన్యన్ సర్వే మొదలుపెట్టింది ముక్కాలి మీద నిలిపే గీత బల్ల అయిన ప్లేన్ టేబుల్‌తో, కంటితో చూస్తూ. తర్వాత విమాన ఛాయాచిత్రాలు వచ్చాయి. ఇరుకు చీలికల అడుగు వాటిలో నీడలో మునిగిపోయింది. లేజరు కిరణాలు పైనుంచి పంపి నేల ఎత్తు కొలిచే ఇప్పటి లైడార్ ఎంతో మేలు, కానీ పైనుంచి పడే లేజరుకు ముందుకు వాలిన రాతి కింద ఏముందో తెలియదు.

జీపీఎస్ వాడేవారు మ్యాపు కింది అంచున అచ్చయిన డేటమ్ పేరు, అంటే స్థానాలు లెక్కించడానికి ఆధారంగా తీసుకున్న భూమి నమూనా పేరు, తప్పక చదవాలి. పాత షీట్లది 1927 నాటి డేటమ్. జీపీఎస్‌ను దానికి మార్చకుండా యూటీఎమ్ అంకెలు, అంటే స్థానాన్ని మీటర్లలో చెప్పే గ్రిడ్ అంకెలు, పోల్చితే, ఈ ప్రాంతంలో ఉత్తర దక్షిణాలుగా దాదాపు 200 మీటర్ల తేడా వస్తుంది. ఇరుకు కాన్యన్‌లో అంటే మీరు గోడకు అవతల ఉన్నట్టు చూపిస్తుంది.

లోపల సిగ్నల్ గోడలకు తగిలి చెదురుతుంది, నమోదైన దూరం అసలుకంటే పెరుగుతుంది. అక్కడ కలిసే పక్క కాన్యన్లనూ వాగు మలుపులనూ మ్యాపుతో సరిచూస్తూ లెక్కపెట్టడమే నమ్మకమైన పద్ధతి. బాట గుర్తించి పంచేవారు ప్రతి గోడ దగ్గరా ఆగి, బరువు కట్టిన తాడు జారవిడిచి ఎత్తు కొలిచి, తేదీతో సహా రాయండి. ఒక్క వరద వస్తే అడుగున ఇసుక కొట్టుకుపోయి ఆ ఎత్తు మారిపోతుంది.