జీసీసీని సోర్స్ నుంచి బిల్డ్ చేద్దాం: ఒకే కంపైలర్‌ని మూడుసార్లు ఎందుకు?

నమస్తే అండీ. ఇవాళ లినక్స్‌లో జీసీసీని, అంటే సీ, సీ ప్లస్ ప్లస్ లాంటి భాషల కోడ్‌ని మెషీన్ నడపగలిగే ప్రోగ్రామ్‌గా మార్చే కంపైలర్‌ని, సోర్స్ కోడ్ నుంచి మనమే బిల్డ్ చేసుకుందాం. కంపైలర్‌ని తయారుచేయడానికీ ఒక కంపైలర్ కావాలి. 2013లో వచ్చిన 4.8 వెర్షన్ నుంచి అది సీ ప్లస్ ప్లస్ కంపైలరే అయి ఉండాలి. అందుకని మీ దగ్గర జీ ప్లస్ ప్లస్ (జీసీసీ వాళ్ల సీ ప్లస్ ప్లస్ కంపైలర్), మేక్ (బిల్డ్ పనులను వరుసగా నడిపే టూల్) ఉన్నాయేమో ముందు చూసుకోండి.

నేను జీసీసీ సోర్స్ ఉన్న టార్ ఫైల్ డౌన్‌లోడ్ చేసి విప్పేశాను. ఆ ఫోల్డర్‌లోకి వెళ్లి, కాంట్రిబ్ స్లాష్ డౌన్‌లోడ్ అండర్‌స్కోర్ ప్రీరిక్విజిట్స్ అనే స్క్రిప్ట్ రన్ చేయండి. జీఎంపీ, ఎంపీఎఫ్ఆర్, ఎంపీసీ అనే లెక్కల లైబ్రరీలను అదే తెచ్చి సోర్స్ ఫోల్డర్‌లోనే పెడుతుంది. మన కోడ్‌లో ఉండే స్థిరసంఖ్యల లెక్కల్ని కంపైలర్ ముందే కట్టేస్తుంది కదా, ఆ పనికి ఇవి కావాలి.

ఇప్పుడు సోర్స్ ఫోల్డర్ బయటికి వచ్చి, బిల్డ్ అని వేరే ఫోల్డర్ పెట్టండి. మన మెషీన్‌కి తగ్గట్టు బిల్డ్‌ని సిద్ధం చేసే కాన్ఫిగర్ స్క్రిప్ట్‌ని ఇక్కడి నుంచే పిలవాలి. ఏదైనా చెడితే ఈ ఫోల్డర్ ఒక్కటే తీసేస్తే సరిపోతుంది, సోర్స్ జోలికి వెళ్లక్కర్లేదు.

కాన్ఫిగర్‌కి మూడు ఆప్షన్లు ఇస్తున్నాను, స్క్రీన్ మీద చూడండి. ప్రిఫిక్స్ అంటే ఇన్‌స్టాల్ అయ్యే చోటు, అది మన హోమ్‌లోని ఒక ఫోల్డర్. స్లాష్ యూఎస్ఆర్ మాత్రం ఇవ్వకండి, సిస్టమ్ కంపైలర్ మీదే పడుతుంది. లాంగ్వేజెస్‌లో సీ, సీ ప్లస్ ప్లస్ చాలు. మూడోది డిజేబుల్ మల్టీలిబ్. అది లేకపోతే 64 బిట్ మెషీన్‌లో 32 బిట్ లైబ్రరీలు కూడా అడిగి, అవి కనబడక ఆగిపోతుంది.

ఇక మేక్ హైఫన్ జే, దాని పక్కన ఒకేసారి ఎన్ని పనులు నడపాలో ఆ నంబర్. కోర్లు ఎన్ని ఉంటే అంత నంబర్ ఇచ్చేయాలనిపిస్తుంది, కానీ ర్యామ్ కూడా చూసుకోండి. మధ్యలో కిల్డ్ అని వచ్చిందంటే మెమరీ చాలలేదన్నమాట. టెన్షన్ పడక్కర్లేదు, నంబర్ తగ్గించి మళ్లీ మేక్ కొట్టండి, ఆగిన చోట నుంచే కొనసాగుతుంది. వేరే ఎర్రర్ అయితే చివరి లైన్ పట్టుకుని వెతకొద్దు, పైకి వెళ్లి మొట్టమొదటి ఎర్రర్ చూడండి.

ఇంతసేపు ఏం చేస్తోందంటారా? మీ పాత కంపైలర్‌తో కొత్త జీసీసీని కడుతుంది, ఇది స్టేజ్ వన్. దానితో అదే సోర్స్‌ని మళ్లీ కడుతుంది, అది స్టేజ్ టూ. స్టేజ్ టూతో ఇంకోసారి కడితే స్టేజ్ త్రీ. తర్వాత టూ, త్రీల ఆబ్జెక్ట్ ఫైళ్లను, అంటే కంపైల్ అయి వచ్చిన మెషీన్ కోడ్ ఫైళ్లను, పోల్చి చూస్తుంది. సోర్స్ ఒకటే, పాత కంపైలర్ ప్రభావం స్టేజ్ వన్‌తోనే పోయింది, కాబట్టి రెండూ సరిపోవాలి. తేడా వచ్చిందంటే ఎక్కడో తప్పు కోడ్ పుడుతోందని అర్థం. ఈ మూడు స్టేజ్‌ల పద్ధతినే బూట్‌స్ట్రాప్ అంటారు. కాన్ఫిగర్‌కి డిజేబుల్ బూట్‌స్ట్రాప్ ఇస్తే ఇదంతా తప్పించుకోవచ్చు, టైమ్ బాగా తగ్గుతుంది. కానీ రోజూ వాడబోయే కంపైలర్‌కి నేనైతే ఆ పని చేయను.

మేక్ ఇన్‌స్టాల్ అయ్యాక, ప్రిఫిక్స్‌లోని బిన్ ఫోల్డర్‌ని పాత్‌లో, అంటే సిస్టమ్ కమాండ్లను వెతికే ఫోల్డర్ల జాబితాలో, ముందు పెట్టండి. సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రామ్ కంపైల్ అయ్యి, రన్ చేస్తే మాత్రం జీలిబ్‌సీఎక్స్ఎక్స్ (సీ ప్లస్ ప్లస్ లైబ్రరీ) వెర్షన్ దొరకలేదని తిడుతోందా? అది సిస్టమ్‌లోని పాత లైబ్రరీని పట్టుకుంది. ప్రోగ్రామ్ ఏ లైబ్రరీలను వాడుతోందో చూపించే ఎల్‌డీడీతో చూస్తే తెలిసిపోతుంది. లింక్ చేసేటప్పుడు ఆర్‌పాత్‌గా, అంటే రన్ అయ్యేటప్పుడు లైబ్రరీలను వెతకాల్సిన చోటుగా, మన ప్రిఫిక్స్‌లోని లిబ్ 64 ఫోల్డర్ ఇవ్వండి... ఇదిగో, ఇప్పుడు రన్ అయింది.