‘నీ మంచికే’ అనే స్నేహితురాలు

శ్రోతలకు నమస్కారం.

చిన్నప్పుడు మనమందరం కటీఫ్ చెప్పుకున్నవాళ్లమే. పొద్దున కటీఫ్, సాయంత్రానికి మళ్లీ జట్టు. కెనడా రచయిత్రి మార్గరెట్ అట్‌వుడ్ 1988లో రాసిన ‘క్యాట్స్ ఐ’ నవలలో కార్డీలియా ఎప్పుడూ కటీఫ్ చెప్పదు. కష్టమంతా అక్కడే ఉంది. టొరంటోకి కొత్తగా వచ్చిన ఎలెయిన్‌కి ఆమె ప్రాణస్నేహితురాలు. నడక బాగోలేదు, తినే తీరు బాగోలేదు అంటూ రోజూ దిద్దుతుంది. నీ మంచికే అంటుంది.

ఒక చలికాలం సాయంత్రం కార్డీలియా మంచులో జారి పడింది. ఎలెయిన్ నవ్వింది. అంతే, కార్డీలియా ఆమె టోపీ లాక్కుని వంతెన మీంచి కిందికి విసిరేసింది. వెళ్లి తెచ్చుకో, అప్పుడు క్షమిస్తాం అంది. కింద గడ్డకట్టిన వాగు. ఎలెయిన్ దిగింది. కాళ్ల కింద మంచు పగిలి నీళ్లలోకి దిగబడింది. తలెత్తి చూస్తే వంతెన మీద కార్డీలియా లేదు, జట్టులో మిగతా పిల్లలూ లేరు. ఎవరూ లేరు! ఈ పేజీ దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను.

తల్లికి తెలియదా? కొంత తెలుసు. కాస్త వెన్నెముక ఉండాలి అంటుంది. ఎలెయిన్‌కి డబ్బా చేపల వెన్నెముక గుర్తొస్తుంది, నమిలితే పొడైపోయేంత మెత్తనిది. రాత్రిళ్లు ఆ పిల్ల తన పాదాల చర్మం ఒలుచుకుంటూ ఉంటుంది.

ఇంట్లో ఆడపిల్లలున్నవాళ్లకు ఒక్క మాట. ఎవరైనా ఏడిపిస్తున్నారా అని అడిగితే లేదనే అంటారు. నీ ఫ్రెండ్ నీ గురించి ఏమంటుంది అని అడగండి. ‘నా మంచికే చెబుతుందమ్మా’ అని జవాబొస్తే, చేతిలో పని పక్కన పెట్టి ఆ పిల్ల దగ్గర కూర్చోండి.

ఎలెయిన్ బయటపడింది. తర్వాత కార్డీలియా వాళ్లు పిలుస్తుంటే వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. కానీ అట్‌వుడ్ కథని అక్కడ ఆపలేదు, అందుకే ఆమె అంటే నాకంత గౌరవం. హైస్కూల్‌కి వచ్చేసరికి ఎలెయిన్ నోరు కత్తిలా తయారైంది, ఇప్పుడు గుచ్చుకునేది కార్డీలియాకి. ఒకరోజు శ్మశానం పక్కగా నడుస్తూ, నేను రక్తం తాగే పిశాచాన్ని అని చెప్పి ఆమెను బెదరగొడుతుంది. ఆ బెదురు చూసి ఎలెయిన్‌కి సంతోషం కలుగుతుంది.

ఏళ్ల తర్వాత మానసిక రోగుల ఆశ్రమంలో ఉన్న కార్డీలియా, నన్ను ఇక్కడి నుంచి తీసుకుపో అని బతిమాలుతుంది. ఎలెయిన్ కుదరదంటుంది.