తుప్పు కింది బల్ల: పాత కోత మిషనును మళ్లీ పనిలోకి తేవడం

సభకు నమస్కారం. వడ్రంగం నేర్చుకుంటున్న విద్యార్థులతోనూ, ఏళ్లుగా కార్ఖానాలు నడుపుతున్న మేస్త్రీలతోనూ ఒకేసారి మాట్లాడే అవకాశం కల్పించిన నిర్వాహకులకు కృతజ్ఞతలు. లోపలికి వస్తూ గుమ్మం పక్కన మీరు చూసిన, ఇనుప బల్ల మధ్య నుంచి గుండ్రని రంపపు బ్లేడు పైకి లేచి ఉండే కోత మిషను నాదే. కాకినాడ తీరానికి దగ్గరలో మూతపడిన ఒక కలప అడితి నుంచి దాన్ని పాత ఇనుము ధరకు, కాటా వేయించి కొన్నాను. రేకుల షెడ్డులో ఏళ్ల తరబడి కదలకుండా పడి ఉండటం వల్ల పోత ఇనుప బల్ల మీద తుప్పు పొరలుగా లేచి, వేలితో గీస్తే ఎర్రటి పొడి రాలేది. బ్లేడును తిప్పే షాఫ్టును చేత్తో తిప్పబోతే అంగుళం కూడా కదలలేదు. ఇలాంటి మిషను కంటపడినప్పుడు మనవాళ్లు రెండింటిలో ఒకటి చేస్తారు. కరిగించేవాడికి అమ్మేస్తారు, లేదా గ్రైండరు తెచ్చి ఒక్క పూటలో అద్దంలా మెరిపిస్తారు. ఈ రెండో పని మొదటిదానికంటే అన్యాయమని నా అభిప్రాయం. ఎందుకంటే, అమ్మేసిన మిషను ఎవరి పనినీ పాడుచేయదు.

కోత మిషనులో అసలు విలువైన భాగం ఏది అని అడిగితే చాలామంది మోటారు అంటారు, కొందరు బ్లేడు అంటారు. ఆ రెండూ బజారులో దొరుకుతాయి. దొరకనిది ఆ బల్ల. మంచి పోత పోసి, యంత్రం మీద చదును చేసి, అంచులకు సమాంతరంగా గాడి కోసిన ఆ ఇనుప పలక మీదే మిగిలినవన్నీ ఆధారపడి ఉంటాయి. బ్లేడు నిలువుగా ఉందా లేదా అనేది దాని మీద మూలమట్టం పెట్టి చూస్తాం, కోసేటప్పుడు చెక్కను ఆనించి తోసే గైడు తిన్నగా ఉందా లేదా అనేది దాని గాడిని బట్టి చూస్తాం. కాబట్టి ఈ పని మొత్తానికి నేను పాటించే నియమం ఒక్కటే: తుప్పు పోవాలి, ఇనుము పోకూడదు.

ఈ నియమం నాకు నష్టపోయాకే తెలిసింది. ఇంతకుముందు బాగుచేసిన ఒక మిషను బల్ల మీద యాంగిల్ గ్రైండరుకు గరుకు కాగితపు రేకుల చక్రం బిగించి అరగంట ఆడించాను. వెండి పళ్లెంలా మెరిసిపోయింది, చుట్టూ చేరినవాళ్లు మెచ్చుకున్నారు కూడా. మరునాడు ఇనుప కొలబద్దను అంచు మీద నిలబెట్టి చూస్తే, సరిగ్గా బ్లేడు పక్కనే, తుప్పు ఎక్కువగా ఉందని నేను ఎక్కువసేపు రుద్దిన చోటనే, కొలబద్ద కింద వెలుగు కనిపించింది. దాదాపు ఒక మిల్లీమీటరు లోతు గుంట. ఆ తరువాత ఆ మిషను మీద కోసిన ఏ పలకా పక్కపలకతో నిండుగా అతకలేదు. చివరికి దాన్ని ఒక యంత్రశాలకు మోయించి బల్లను మళ్లీ చదును చేయించవలసి వచ్చింది. అందుకు అయిన ఖర్చు మిషను కొన్న ధరను దాటింది.

తుప్పు తీయడానికి ముందు అది ఎలా పట్టిందో కొంత తెలిసి ఉండాలి. ఇనుము, నీరు, గాలిలోని ఆక్సిజన్ మూడూ కలిస్తే తుప్పు పడుతుంది. నీరంటే వాన నీరే కానక్కరలేదు, గాలిలోని తేమ చాలు. పైగా తుప్పు తాను పుట్టిన ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పొరలుగా ఉబ్బుతుంది, బోల్టులు బిగుసుకుపోతాయి. చూడటానికి భయంకరంగా ఉన్నా, ఉబ్బిన పొర కింద పోయిన లోహం మనం అనుకున్నంత ఉండదు. తీరప్రాంతంలో మరొక చిక్కు ఉంది. సముద్రపు గాలితో వచ్చిన ఉప్పు తుప్పు రంధ్రాల్లో దాగి గాలిలోని తేమను లాగుతూ ఉంటుంది, అందుకే ఈరోజు తోమిన బల్ల వారం తిరిగేసరికి మళ్లీ ఎర్రబారుతుంది. దీనికి విరుగుడు వినడానికి విడ్డూరంగా ఉంటుంది: తుప్పు గీకిన తరువాత బల్లను మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడగాలి. ఇనుము మీద నీళ్లు పోయమంటాడేమిటని నా సహాయకుడు మొదట ఒప్పుకోలేదు. కడిగిన వెంటనే పొడిగుడ్డతో తుడిచి, మధ్యాహ్నపు ఎండలో వేడెక్కనిచ్చి, ఆ వేడి మీదే నూనె పట్టించాలి. మన ఇళ్లలో ఇనుప దోసెపెనాన్ని కడిగి, పొయ్యి మీద ఆరబెట్టి, నూనెగుడ్డతో తుడిచి పెట్టేది సరిగ్గా ఈ పద్ధతిలోనే.

గీకడానికి నేను వాడినవి ఖరీదైన వస్తువులు కావు. వెడల్పాటి పదునైన గీకుడు బ్లేడును బల్లకు దాదాపు ఆనించి, కిరసనాయిలు పోస్తూ తోస్తే పైపొర పెచ్చులుగా లేచి వస్తుంది. మూలలు దిగబడకుండా బ్లేడు కొనలను ముందుగా ఆకురాయితో కాస్త గుండ్రంగా అరగదీయాలి. ఆ తరువాత గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచుతో రుద్ది, చివరగా 220 నెంబరు, దాని వెనుక 400 నెంబరు ఎమరీ కాగితం వాడాలి. కాగితాన్ని వేళ్లతో పట్టుకోకుండా, చిత్రిక పట్టిన తిన్నని చెక్కదిమ్మకు చుట్టి, బల్ల ఈ చివర నుంచి ఆ చివర వరకు పొడవుగా లాగాలి. ఒకేచోట గుండ్రంగా రుద్దకూడదు. నల్లని మరకలు, సూదిమొన అంత గుంటలు మిగులుతాయి, మిగలనివ్వండి. చెక్క వాటి మీదుగా జారిపోతుంది, కోతకు వాటివల్ల ఏ లోటూ రాదు. మరకలన్నీ పోయేదాకా రుద్దాలన్న పట్టుదల వల్లనే మొన్నటి గుంట పడింది.

బోల్టులు, వాషర్లు, గైడు పట్టీల వంటి చిన్న భాగాలను నానబెట్టవచ్చు. లీటరు నీటికి యాభై గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి, కొన్ని గంటలకొకసారి తీసి చూసుకుంటూ, తుప్పు వదలగానే చాకలి సోడా నీళ్లలో ముంచి కడగాలి. మరిచిపోయి రోజుల తరబడి వదిలేస్తే పులుపు ఇనుమును కూడా తింటుంది. చాకలి సోడా నీళ్లలో కరెంటు పంపి తుప్పు వదిలించే పద్ధతి ఇంకా మెత్తనిది. తుప్పుపట్టిన భాగానికి బ్యాటరీ చార్జరు నెగటివ్ తీగను, పక్కన నిలబెట్టిన పనికిరాని ఇనుపముక్కకు పాజిటివ్ తీగను కలుపుతారు. అప్పుడు మండే హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కాబట్టి ఆరుబయటే చేయాలి. రెండో ముక్కగా స్టెయిన్‌లెస్ స్టీలు మాత్రం వాడకండి. అందులోని క్రోమియం విషపూరితమైన రూపంలో నీటిలోకి దిగుతుంది.

ఇదంతా చెప్పుకుపోతూ ముందు చెప్పవలసినదాన్ని వెనక్కి నెట్టాను. మిషను మీద చెయ్యి వేసేముందు మెయిన్ స్విచ్చి ఆపడం ఒక్కటే చాలదు. ఫ్యూజులు పీకి జేబులో వేసుకోవాలి. స్విచ్చి ఆపి ఉందని మనకు తెలుసు, టీ తాగి వచ్చిన మరొకడికి తెలియదు. చాలాకాలం వాడని మోటారుకు నేరుగా కరెంటు ఇవ్వకూడదు. లోపలి చుట్టలు చెమ్మ పీల్చి ఉంటాయి, తీగల పైతొడుగును ఎలుకలు కొరికి ఉంటాయి. కరెంటు కారుతోందో లేదో కొలిచే మెగ్గరుతో చూస్తే చుట్టకూ మోటారు ఒంటికీ మధ్య కనీసం ఒక మెగాఓము నిరోధం కనిపించాలి. నా మోటారుకు అంత రాలేదు. మూతలు విప్పి, పక్కన వంద వాట్ల బల్బు వెలిగించి, గోనెసంచి తగలకుండా కప్పి రెండు రోజులు ఉంచాక వచ్చింది. మూడు ఫేజుల మోటారైతే ఇంకొక జాగ్రత్త ఉంది. ఏ రెండు తీగలు తారుమారైనా మోటారు వెనక్కి తిరుగుతుంది. కాబట్టి మొదటిసారి బ్లేడు బిగించకుండా నడిపి, ఎటు తిరుగుతోందో చూసి, ఆ దిక్కును బాణం గుర్తుతో చట్రం మీద రాసిపెట్టుకోవాలి.

బేరింగుల గురించి ఎక్కువ చెప్పను. షాఫ్టు పట్టేసిందంటే బేరింగుల్లో గ్రీజు ఎండి తుప్పు చేరిందనే అర్థం. వాటిని కడిగి మళ్లీ వాడాలనే ఆశ వదులుకోండి. అంచు మీద నెంబరు చెక్కి ఉంటుంది. నా మిషనుకు 6205, అంటే లోపల 25, బయట 52, మందం 15 మిల్లీమీటర్లు. రెండువైపులా రబ్బరు మూత ఉన్న రకాన్ని అడిగి తీసుకుంటే రంపపు పొట్టు లోపలికి పోదు. షాఫ్టుకు ఎక్కించేటప్పుడు దెబ్బ లోపలి వలయం మీదే పడాలి. బయటి వలయం మీద కొడితే గుండ్లు తమ దారిలో గుంటలు చేస్తాయి, కొత్త బేరింగు మొదటి రోజే పాతదవుతుంది. బిగించాక స్క్రూడ్రైవరు మొనను బేరింగు గూటికి, పిడిని చెవి వెనుక ఎముకకు ఆనించి, షాఫ్టును చేత్తో తిప్పి వినండి. ఇసుక నలిగినట్టు వినిపిస్తే ఎక్కడో తప్పు జరిగినట్టే.

ఇప్పుడు అన్నిటికంటే ఓపిక కావలసిన పనికి వస్తున్నాను. బ్లేడు బల్ల గాడికి సమాంతరంగా ఉండాలి. కంటికి తిన్నగా కనిపిస్తే సరిపోదు. బ్లేడులో ఒక పన్నుకు పెన్సిలుతో గుర్తు పెట్టండి. గాడిలో కదలకుండా, అయితే జారేలా ఒక చెక్కముక్కను కూర్చి, దాని కొసకు ఒక మర బిగించి, ఆ మర తల గుర్తు పెట్టిన పన్నుకు తగిలీ తగలనట్టు తిప్పి ఆపండి. ఇది ముందువైపు కొలత. తరువాత అదే పన్ను వెనుకవైపుకు వచ్చేలా బ్లేడును తిప్పి, చెక్కముక్కను అక్కడికి జరిపి, మళ్లీ చూడండి. ముందొక పన్నును, వెనుక వేరొక పన్నును కొలిస్తే, బ్లేడుకే ఉన్న వంపు మన లెక్కలో కలిసిపోతుంది. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. సందును కొలిచే పలుచని ఉక్కు రేకుల కట్ట, అంటే ఫీలర్ గేజి, పెట్టి చూసినప్పుడు రెండు చోట్లా తేడా 0.1 మిల్లీమీటరు లోపు ఉండాలి. నా మిషనులో మొదటిరోజు 0.6 వచ్చింది. బేరింగు గూళ్ల బోల్టులను సగం వదులు చేసి, చెక్కసుత్తితో ఒక దెబ్బ వేసి, కొలిచి, మళ్లీ ఒక దెబ్బ వేసి, కొలుస్తూ వెళ్లాను. ఒక సాయంత్రం పూర్తిగా దానికే పోయింది. పైగా బోల్టులు బిగించేటప్పుడు గూడు మళ్లీ కాస్త జరుగుతుంది కాబట్టి, బిగించిన తరువాత వచ్చిన కొలతనే నమ్మాలి. గైడును కూడా అదే గాడికి సరిచూడాలి. దాని వెనుక కొస బ్లేడు వైపు వాలితే చెక్క నలుగుతుంది, కోసిన ముఖం మీద నల్లని కాలిన చారలు పడతాయి.

ఆ చారలు అందం చెడే విషయం మాత్రమే కాదు. నిమిషానికి 2,880 చుట్లు తిరిగే 12 అంగుళాల బ్లేడు అంచు సెకనుకు దాదాపు 46 మీటర్ల వేగంతో, అంటే గంటకు 165 కిలోమీటర్లతో కదులుతుంది. బ్లేడు ముందుభాగపు పళ్లు చెక్కను బల్లకు అదిమి పెడతాయి, వెనుకభాగపు పళ్లు పైకి లేస్తూ ఉంటాయి. కోసిన చీలిక వెనుక మూసుకున్నా, చెక్క గైడుకూ బ్లేడుకూ మధ్య ఇరుక్కున్నా, ఆ వెనుక పళ్లు దాన్ని ఎత్తి అదే వేగంతో మన పొట్ట మీదికి విసురుతాయి. దాన్ని ఆపడానికే బ్లేడు వెనుక చీలికలో నిలిచే ఉక్కు రేకు ఉంటుంది. నేను చూసిన పాత మిషన్లలో ఈ రేకూ, బ్లేడును కప్పే పైమూతా ఉన్నవి చాలా తక్కువ. అడ్డంగా ఉన్నాయని మొదటి వారంలోనే పీకేసి ఉంటారు. నా బ్లేడు ఒంటి మందం 2.2, పళ్ల వెడల్పు 3.2 మిల్లీమీటర్లు. కాబట్టి 2.5 మిల్లీమీటర్ల ఉక్కు రేకును బ్లేడు వంపుకు తగ్గట్టు కోయించి, బ్లేడుతో ఒకే వరుసలో నిలబెట్టాను. వేలు తగిలిన క్షణంలోనే, సుమారు 5 మిల్లీసెకన్లలో బ్లేడును ఆపేసే ఏర్పాటును అమెరికాలో స్టీఫెన్ గాస్ 1999లో కనిపెట్టారు. పాత మిషనుకు అది ఉండదు. మనకున్నది ఈ రేకు, పైమూత, చేతికి బదులు చెక్కను తోసే తోపుడు కర్ర మాత్రమే. ఈ మూడూ లేకుండా మిషనును బాగుచేశానని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

రంగు సంగతి రెండు మాటల్లో చెబుతాను. చట్రం మీది పాత రంగులో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఇళ్లకు, అలంకరణకు వాడే రంగుల్లో సీసాన్ని పది లక్షల భాగాలకు 90 భాగాల లోపు ఉంచాలన్న నిబంధన మన దేశంలో 2016లో మాత్రమే వచ్చింది. కాబట్టి పొడిగా రుద్దకుండా తడిపి గీకి, ఆ పెచ్చులను పిల్లలకు అందకుండా మూటగట్టండి. ఆపైన తుప్పును ఆపే అడుగు పూత రెడ్ ఆక్సైడు, దాని మీద మీకు నచ్చిన రంగు వేసుకోవచ్చు. బల్లకు మాత్రం రంగు తగలకూడదు.

ఇక రోజువారీ సంరక్షణ. తేనెమైనాన్ని వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించి, మంటకు దూరంగా తీసుకెళ్లి టర్పెంటైను కలిపి, ఆ ముద్దను బల్ల మీద పలుచగా రాసి, ఆరాక గుడ్డతో మెరుగు పెట్టాలి. తుప్పు ఆగుతుంది, చెక్క కూడా తేలికగా జారుతుంది. కొబ్బరినూనె రాసేవాళ్లను చూశాను. కొన్నాళ్లకు అది జిగురై పొట్టును పట్టుకుంటుంది. సిలికాను ఉన్న స్ప్రేలు కొడితే చెక్కకు అంటుకుని, తరువాత పాలిషు వేసేటప్పుడు చేపకళ్లలా మచ్చలు తేలతాయి. పని ముగిశాక పొట్టును బల్ల మీద వదలకండి. పచ్చి వేప పొట్టు అయినా, తుమ్మ పొట్టు అయినా రాత్రంతా చెమ్మను ఇనుముకు అందిస్తూ ఉంటుంది. తుమ్మలోని వగరు ఇనుముతో కలిసి సిరాలాంటి నల్లమరక వేస్తుంది. గుమ్మం పక్కనున్న నా బల్ల మీద కుడి మూలన ఒక ఎర్రటి వలయం కనిపిస్తుంది. అది పాత తుప్పు కాదు, కిందటి వానాకాలం ఎవరో పెట్టి మరిచిపోయిన టీ గ్లాసు గుర్తు. దాన్ని కావాలనే తుడవలేదు.

సభ ముగిశాక ఒక్కొక్కరుగా వచ్చి, గాడిలో ఉన్న చెక్కముక్కను జరిపి, పెన్సిలు గుర్తు ఉన్న పన్నును ముందూ వెనుకా కొలిచి చూడండి. తేడా 0.1 దాటితే నాకు చెప్పండి. లారీలో వచ్చేటప్పుడు కుదుపులకు ఏమైనా జరిగిందేమో నేనూ ఇంకా చూడలేదు. ఫ్యూజులు నా జేబులోనే ఉన్నాయి.