అంతోనివారి పండుగ ఇంట్లో: ఒక తూకం, పదమూడు బన్నులు

ఇంట్లో తాళంచెవి కనబడకపోతే "అంతోనివారికి చెప్పుకో" అనే మాట మన కతోలిక ఇళ్లలో పిల్లలకు బాగా తెలిసిందే. పోయిన వస్తువులు దొరికేలా చేస్తారని నమ్మే పునీతుడు (సెయింట్), ఇటలీలోని పాదువా ఊరి పేరుతో పిలిచే అంతోనివారు ఆయన. ఆయన పండుగ జూన్ 13. మన దగ్గర బడులు తెరిచే రోజులు. పుస్తకాలకు అట్టలు వేసే హడావుడిలో పండుగ కాస్తా పూజకెళ్లి రావడంతో సరి. అందుకే ఇంట్లో రెండు గంటల్లో పిల్లలతో చేయించగలిగే పని చూద్దాం.

అంతోనివారి స్వరూపం, అంటే విగ్రహం, చూపించి మొదలుపెట్టండి. చేతిలో బాలయేసు, పుస్తకం, తెల్ల లిల్లీ, కొన్నిట్లో రొట్టె. అన్నిటినీ ఒకే రోజు చేయించాలని చూడకండి. మూడో పనికొచ్చేసరికి పిల్లలు నీరసపడతారు, మీరు కసురుకుంటారు. మా ఓటు రొట్టెకే.

పాదువాలో ఒక తల్లి తన బిడ్డ బతికితే వాడి బరువంత ధాన్యం పేదలకిస్తానని మొక్కుకుందట. అంతోనివారి రొట్టె అనే ఆచారం వెనక చెప్పే కథ ఇదే. తులాభారం మనకు కొత్త కాదు కాబట్టి పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది. బిడ్డ నీళ్లలో మునిగాడన్న భాగం మరీ చిన్నవాళ్లకు వద్దు, అది లేకపోయినా కథ నిలుస్తుంది.

ఇప్పుడు పిల్లల్ని తూకం మిషన్ ఎక్కించండి. 18 కిలోలున్న బిడ్డకు 18 కిలోల బియ్యం ఇవ్వగలిగితే మంచిదే. లేదంటే పదో వంతు, కిలో 800 గ్రాములు. 200 గ్రాములు పట్టే గ్లాసుతో తొమ్మిది గ్లాసులు. కొలిచేదీ లెక్కపెట్టేదీ పిల్లలే. సంచి ఎవరికివ్వాలో విచారణ గురువుల్ని (మీ గుడి ఫాదర్‌ని) ముందే అడిగి ఉంచుకోండి, బన్నులు తినకముందే ఇచ్చి రండి. తిన్నాక ఇద్దాం అనుకుంటే ఆ సంచి వారం తర్వాత కూడా తలుపు పక్కనే ఉంటుంది.

ఇక బన్నులు. 13వ తేదీకి పదమూడు. మైదా 500 గ్రాములు, గోరువెచ్చని పాలు 300 మిల్లీలీటర్లు, ఇన్‌స్టంట్ ఈస్ట్ 7 గ్రాములు, పంచదార 50, ఉప్పు 8, వెన్న 50 గ్రాములు. ముద్ద దాదాపు 910 గ్రాములవుతుంది, ఉండకు 70 గ్రాములు. పాలు వేలికి చురుక్కుమంటే ఈస్ట్ చచ్చిపోతుంది, ఆగండి. ఉప్పు నేరుగా ఈస్ట్ మీద పోయకుండా పిండిలో కలపండి. అసలు తప్పు జరిగేది పిసికేటప్పుడు: చేతికి అంటుతోందని పిల్లలు మైదా చల్లుతూనే ఉంటారు, బన్ను రాయవుతుంది. మైదా డబ్బా దూరంగా పెట్టి చేతులకు నూనె రాయండి. పది నిమిషాలు పిసకాలి.

పుస్తకాల్లో గంట పొంగనివ్వమంటారు. మన జూన్ వేడికి నలభై నిమిషాలకే రెండింతలవుతుంది. గడియారం కాదు, ముద్దను చూడండి. పుల్లటి వాసనొచ్చి నడుమ కుంగిందంటే ఎక్కువైనట్టే. ఉండలు చేసి ఇంకో ఇరవై ఐదు నిమిషాలు ఆగి, కత్తెరతో పైన సిలువ గాటు పెట్టి, పాలు పూసి, ముందే వేడెక్కిన ఓవెన్‌లో 190 డిగ్రీల దగ్గర 15 నుంచి 18 నిమిషాలు ఉంచండి. ఓవెన్ లేదా? కుక్కర్ గాస్కెట్, విజిల్ తీసేసి, అడుగున ఉప్పు పోసి, స్టాండు పెట్టి పది నిమిషాలు వేడిచేయండి. సన్నటి సెగ మీద 25 నుంచి 30 నిమిషాలు. పైభాగం తెల్లగానే ఉంటుంది, అది ఉడకకపోవడం కాదు. వాయికి ఐదారే పడతాయి కాబట్టి మిగతా ఉండలు ఫ్రిజ్‌లో పెట్టండి.

లిల్లీ సంగతి చిన్నది. పూల బజారులో లిల్లీ అంటే ఇచ్చేది నేలసంపెంగ. స్వరూపంలోని పువ్వు అది కాదు గానీ తెల్లగా, మంచి వాసనతో ఉంటుంది, చాలు.

సాయంత్రం కొవ్వొత్తిని గాజు గ్లాసులో బియ్యం పోసి నిలబెట్టండి, లేదంటే ఫ్యాను గాలికి ఆరుతూనే ఉంటుంది. ఒక పరలోక జపం, ఒక మంగళవార్త జపం, ఒక త్రిత్వ స్తోత్రం. పెద్దవాళ్ల ప్రార్థనంతా చదివితే బన్నుల మీదున్న చూపు జపం మీదికి రాదు.

ఆయన పాదువాలో పుట్టారా అని పిల్లలు అడుగుతారు. కాదు, 1195లో పోర్చుగల్‌లోని లిస్బన్‌లో. జ్ఞానస్నానపు పేరు ఫెర్నాండో. 1231 జూన్ 13న పాదువా దగ్గర కన్నుమూశారు. ఏడాది తిరక్కుండానే, 1232 మే 30న, పునీతుడిగా ప్రకటించారు.

మరి పోయిన వస్తువుల మాట ఎక్కణ్ణుంచి వచ్చింది? పుస్తకాలు చేత్తో రాసుకునే కాలంలో ఆయన కీర్తనల గ్రంథాన్ని, తన సొంత రాతలతో సహా, మఠం విడిచిపోతున్న ఓ కొత్త శిష్యుడు పట్టుకుపోయాడట. ఆయన ప్రార్థించాక అతనే తెచ్చిచ్చాడని చెబుతారు. అంటే ఆ కథలో వస్తువు దొరకలేదు, తీసుకున్నవాడు వెనక్కి తెచ్చాడు. బన్ను తింటూ ఈ కథ చెప్పి, పిల్లల బ్యాగులు తెరిపించండి. నిరుడు స్నేహితుడి దగ్గర తీసుకున్న స్కేలు, లైబ్రరీకి ఇవ్వని పుస్తకం, ఎవరిదో రబ్బరు ఏదో ఒకటి బయటపడుతుంది. దాన్ని ఒక కవరులో పెట్టి, ఎవరికివ్వాలో పిల్లల చేతే పేరు రాయించి, బడికి తీసుకెళ్లే బ్యాగు ముందు జేబులో పెట్టించండి.