ఎనిమిది గంటల దగ్గరే ఆగిపోయే వాల్యూమ్ నాబ్

మిత్రులందరికీ నమస్కారం.

పోయిన నెల మా బాబాయిగారింటికి వెళ్లాను. తెల్లవారుజామున సుప్రభాతం పెట్టుకోవడం ఆయనకు అలవాటు. నాబ్ గడియారంలో ఎనిమిది గంటల చోటు దాటితే గది దద్దరిల్లుతోంది. కాస్త వెనక్కి తెస్తే గొంతు ఎడమ స్పీకర్లోకి జరిగిపోయి కుడివైపు మూగబోతోంది. "కుడి స్పీకర్ పోయిందిరా, మార్పించాలి" అన్నారు. స్పీకర్‌కి ఏ జబ్బూ లేదు. గెయిన్, అంటే సిగ్నల్‌ని యాంప్ ఎన్ని రెట్లు పెంచుతుందో అది, ఎక్కువైంది, అంతే.

లెక్క చూద్దాం. క్వాడ్ 405 మీలో చాలామందికి తెలుసు. 1975లో వచ్చిన పవర్ యాంప్, అంటే స్పీకర్లను నడిపే యాంప్లిఫయర్, 8 ఓమ్‌ల స్పీకర్‌కి 100 వాట్లు ఇస్తుంది. అంటే 28 వోల్టుల పైచిలుకు. అంత తెప్పించడానికి ఇన్‌పుట్‌లో అర వోల్టు పడితే చాలు. దీన్నే సెన్సిటివిటీ అంటాం. అప్పటి ట్యూనర్లు, టేప్ డెక్‌లు ఇచ్చే సిగ్నల్ చిన్నది, కాబట్టి సరిపోయింది. 1982లో సీడీ ప్లేయర్ 2 వోల్టులతో వచ్చింది. డిజిటల్ పాటను సిగ్నల్‌గా మార్చే ఇప్పటి డాక్‌లు కూడా చాలావరకు అంతే.

పవర్ యాంప్‌కి ముందుండే, వాల్యూమ్ నాబ్ ఉన్న పెట్టె ప్రీయాంప్. 20 డెసిబెల్స్ గెయిన్ ఉన్నదైతే ఆ 2 వోల్టులను పదింతలు చేస్తుంది. మొత్తం 20 వోల్టులు. పవర్ యాంప్‌కి కావలసింది అర వోల్టు! అదీ 100 వాట్లకు. ఇంట్లో మనం వినేది ఒక వాటు చుట్టుపక్కలే, దానికి అర వోల్టులో పదో వంతు చాలు. అంటే నాబ్ సిగ్నల్‌ని 400వ వంతుకు తగ్గించాలి. అంత తగ్గించాలంటే నాబ్ మొదట్లోనే ఉండాలి, అక్కడ వాల్యూమ్ కంట్రోల్‌లోని ఎడమ, కుడి ట్రాకులు రెండూ సమానంగా ఉండవు. బాబాయిగారి కుడివైపు మాయమైంది అందుకే.

నన్ను ఇంకా బాధపెట్టేది సొద. ప్రీయాంప్ అవుట్‌పుట్‌లో 50 మైక్రోవోల్టుల నాయిస్ ఉందనుకోండి. అది నాబ్ తర్వాత పుట్టింది, నాబ్ తగ్గించినా తగ్గదు. 405 లాంటి యాంప్ దాన్ని 56 రెట్లు చేస్తుంది. ఒక వాటుకు మీటరు దూరంలో 90 డెసిబెల్స్ ఇచ్చే స్పీకర్ ఉంటే, అదే దూరంలో 30 డెసిబెల్స్ 'స్‌స్‌' వినిపిస్తుంది. రాత్రిపూట వీణ మీటు సన్నగిల్లి ఆరిపోయే చోట, మనం దేనికోసమైతే ఇంత ఖర్చు పెట్టామో ఆ చోటే, ఈ సొద కమ్మేస్తుంది.

మందు ఖరీదు పది రూపాయలు కూడా కాదు. పవర్ యాంప్ ఇన్‌పుట్ దగ్గర వరుసలో 6.8 కిలో ఓమ్‌ల రెసిస్టర్, దాని తర్వాత గ్రౌండ్‌కి 3.3 కిలో ఓమ్‌లది పెట్టండి. రెండు ఛానెళ్లకూ. సిగ్నల్ 10 డెసిబెల్స్ తగ్గుతుంది, దానితోపాటే ప్రీయాంప్ నాయిస్ మూడో వంతుకు పడిపోతుంది. ప్రీయాంప్ వైపు కాదు, పవర్ యాంప్ వైపే పెట్టాలి, అప్పుడు కేబుల్లో చేరే హమ్ (కరెంటు గుయ్‌మనే మోత) కూడా తగ్గుతుంది. బాబాయిగారింట్లో ఇదే సోల్డర్ చేశాను. నాబ్ పది దాటింది, గొంతు నడిమధ్యకు వచ్చింది. పవర్ తగ్గిపోదా అని ఆయన అడిగారు. తగ్గదు. వాట్లు ఇచ్చేది పవర్ సప్లై, గెయిన్ కాదు.

ట్యూబ్ ప్రీయాంప్ వాళ్లు మాత్రం తొందరపడొద్దు. ఈ రెసిస్టర్ల జంట దానికి సుమారు 10 కిలో ఓమ్‌ల లోడ్ చూపిస్తుంది, దాని అవుట్‌పుట్‌లోని కెపాసిటర్ చిన్నదైతే బేస్ పలచబడుతుంది. రెసిస్టర్ల విలువలు పెంచుకోవాలి.

మల్టీమీటర్, సోల్డరింగ్ ఐరన్ ఆ బల్ల మీద పెట్టాను. మీ ప్రీయాంప్ గెయిన్, పవర్ యాంప్ సెన్సిటివిటీ రాసుకొచ్చినవాళ్లు రండి, రెసిస్టర్లు ఇప్పుడే లెక్కకడదాం.