బెరిల్ గాలి మా బ్రజోరియా కౌంటీని ఏం చేసింది?

నమస్కారమండి. బెరిల్ తుఫాను దాటిపోయిన దగ్గర నుంచి అమలాపురంలో అమ్మ, కాకినాడలో పెదనాన్నగారు ఫోన్ చేసినప్పుడల్లా ఒకే మాట అడుగుతున్నారు: "సముద్రం మీకు యాభై కిలోమీటర్ల దూరం కదా, ఇంట్లోకి నీళ్ళూ రాలేదంటున్నావు, మరి ఇంత నష్టం ఎలా జరిగింది?" వారికి కళ్ళారా చూపించడానికే ఈ వీడియో తీస్తున్నాను.

మేము ఉండేది టెక్సాస్‌లోని పేర్‌ల్యాండ్. హ్యూస్టన్‌కు ఆనుకుని ఉన్నా, ఊరిలో ఎక్కువ భాగం బ్రజోరియా అనే కోస్తా కౌంటీలోకి (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) వస్తుంది. 2024 జూలై 8 తెల్లవారుజామున బెరిల్ మాకు పడమటి పక్కనున్న మాటగోర్డా దగ్గర కేటగిరీ 1 హరికేన్‌గా, అంటే హరికేన్లలో అన్నిటికన్నా కింది స్థాయిలో, తీరం దాటింది. తుఫాను కదిలే దిక్కుకు కుడి పక్కన గాలి బలం ఎక్కువ. మన వైపు తుఫాను పడమరకు కదులుతూ వస్తుంది కాబట్టి తీరం దాటిన చోటికి ఉత్తరాన ఉన్నవారికి గాలి దెబ్బ ఎక్కువ. ఇక్కడ అది ఉత్తరంగా కదిలింది కాబట్టి తూర్పున ఉన్న మాకు ఆ దెబ్బ తగిలింది. మాకు దగ్గరలోని హాబీ విమానాశ్రయంలో ఈదురుగాలి గంటకు 84 మైళ్ళు, అంటే సుమారు 135 కిలోమీటర్ల వేగంతో నమోదైంది. మధ్యాహ్నం కాకముందే బెరిల్ హరికేన్ కన్నా ఒక మెట్టు కిందిదైన ట్రాపికల్ స్టార్మ్ స్థాయికి తగ్గింది. తగ్గిందంటే ఆగిందని కాదు. ఆ స్థాయిలోనూ గాలి గంటకు 63 నుంచి 117 కిలోమీటర్ల దాకా ఉండవచ్చు.

ఇక మన ఇళ్ళకూ ఈ ఇళ్ళకూ ఉన్న తేడా చూడండి. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో కొబ్బరితోటలు నేలకొరిగినా, మా తాతగారి స్లాబు ఇల్లు చెక్కుచెదరలేదు. ఇక్కడ గోడల లోపల ఉండేది చెక్క చట్రం. బయట కనిపించే ఇటుక దానికి ఒక పొర మాత్రమే. కప్పు మీద షింగిల్స్ అనే తారు పలకలు పరుస్తారు. ఇదిగో, పెరట్లో దొరికిన ఈ ముక్కను దగ్గరగా చూపిస్తున్నాను: ఒక పక్క ఉప్పుకాగితంలా గరుకుగా ఉంది, రెండో పక్క తారు జిగురు ఎండి పొడిపొడిగా రాలుతోంది. ఆ జిగురు పట్టు వదిలితే గాలి పలక అంచు కిందికి దూరి పైకి లేపుతుంది. ఒకటి లేచిందంటే పక్కవి కూడా వరుసగా లేస్తాయి. కంచెదీ అదే కథ. స్తంభాలను కాంక్రీటులోనే పాతారు, కానీ నేలమట్టానికి తడి తగిలి చెక్క మెత్తబడిన చోటే అన్నీ విరిగాయి.

అసలు బాధ బీమా దగ్గర మొదలవుతుంది. టెక్సాస్ కోస్తా కౌంటీలలో చాలా కంపెనీలు గాలి నష్టాన్ని మామూలు ఇంటి బీమాలో చేర్చవు. అటువంటి వారి కోసం 1971లో శాసనసభ గాలి బీమాకు ప్రత్యేకంగా ఒక సంస్థనే ఏర్పాటు చేసింది. బ్రజోరియాతో కలిపి 14 కోస్తా కౌంటీలు దాని పరిధిలో ఉన్నాయి. వరదకు మళ్ళీ వేరే పాలసీ. మా పాలసీలో గాలి నష్టం కలిసే ఉంది కానీ, ఇంటి బీమా విలువలో 2 శాతం వరకు మేమే భరించాలి. 3,50,000 డాలర్లకు 2 శాతం అంటే 7,000 డాలర్లు, 2024 నాటి మారకం లెక్కన మన రూపాయల్లో దాదాపు 5 లక్షల 85 వేలు. కంచెకు 3,000 డాలర్లు, అంటే రెండున్నర లక్షలు. కప్పు మరమ్మతుకు 1,100 డాలర్లు, అంటే 92 వేలు. రెండూ కలిపినా ఆ గీత దాటలేదు కనుక, నెలనెలా ప్రీమియం కడుతున్నా బీమా నుంచి ఒక్క డాలరు కూడా రాదు. ఇది నాకు ఎంతమాత్రం న్యాయంగా తోచదు.

కరెంటు విషయానికి వస్తే, హ్యూస్టన్ ప్రాంతంలో 22 లక్షలకు పైగా కనెక్షన్లు పోయాయి. జూలై ఎండలో, కిటికీలు మూసి ఏసీ మీదే బతికేలా కట్టిన ఇళ్ళలో ఫ్యాన్ కూడా లేకుండా ఉండడం పెద్దవాళ్ళకు ప్రాణాపాయమే. ఈ తుఫానులో మరణించినవారిలో వడదెబ్బ తగిలినవారూ ఉన్నారు. ఏ వీధిలో కరెంటు ఉందో తెలియక జనం వాటాబర్గర్ అనే హోటళ్ళ యాప్ తెరిచి, నారింజ రంగులో కనిపించే దుకాణాలు తెరిచి ఉన్నాయని, అంటే అక్కడ కరెంటు ఉందని పోల్చుకున్నారు. మాకు మాత్రం ఒక గుంటూరు స్నేహితుల ఇల్లు దొరికింది. నాలుగు కుటుంబాలం అక్కడే దుప్పట్లు పరుచుకుని పడుకున్నాము. ఆ ఇంటి అక్క అందరికీ ఆవకాయ అన్నం కలిపి ముద్దలు పెడుతుంటే, అమ్మ దగ్గర లేని లోటు ఒక్కసారిగా తెలిసివచ్చింది.

పక్కింటి ఆయన కంచె ఖర్చులో సగం ఇస్తానన్నారు. అయినా ముందు కప్పు పనే చేయిస్తున్నాము, ఎందుకంటే హరికేన్ల కాలం నవంబరు 30 దాకా ఉంది, పెద్దవి ఎక్కువగా వచ్చేది ఆగస్టు, సెప్టెంబరు నెలల్లోనే. మనుషులు వచ్చి షింగిల్స్ వేసే రోజున, వాటిని ఎలా అతికిస్తారో, ఒక్కో పలకకు ఎన్ని మేకులు కొడతారో నిచ్చెన ఎక్కి చూపిస్తాను, పెదనాన్నగారూ.