బాఖ్ ఊళ్లో జూన్ నెల: లైప్‌జిగ్ సంగీతోత్సవం వెనకున్న విద్యార్థులు

హోస్ట్: అందరికీ నమస్కారం. ఈసారి మనం జర్మనీలోని లైప్‌జిగ్ గురించి మాట్లాడుకుందాం. ఏటా జూన్‌లో అక్కడ బాఖ్‌ఫెస్ట్ జరుగుతుంది. పది రోజుల పాటు ఊరంతా పద్దెనిమిదో శతాబ్దపు జర్మన్ స్వరకర్త బాఖ్ సంగీతమే. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం అంటే ప్రాణం పెట్టే అక్క ఇవాళ మనతో ఉన్నారు. అక్కా, నమస్తే. మొదటి ప్రశ్న సూటిగా అడిగేస్తాను. బాఖ్‌ని ప్రపంచంలో ఎక్కడైనా వినొచ్చు కదా, లైప్‌జిగ్ దాకా వెళ్లడం ఎందుకు?

అతిథి: నమస్తే. ఎందుకంటే ఆయన ఆ సంగీతం రాసింది ఆ గోడల మధ్య పాడించడానికే. బాఖ్ 1723లో లైప్‌జిగ్ వచ్చాడు, 1750లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. సెయింట్ థామస్ స్కూల్ పిల్లలకు సంగీతం నేర్పాలి, ఊళ్లోని పెద్ద చర్చిల్లో సంగీతం బాధ్యత చూసుకోవాలి. అదీ ఆయన ఉద్యోగం. మొదటి కొన్నేళ్లు దాదాపు వారానికో కాంటాటా, అంటే చర్చి ప్రార్థనలో గాయకులు, వాద్యాలు కలిసి వినిపించే రచన, చొప్పున ఇచ్చాడు. కొత్తది కావాలంటే ఆదివారంలోగా రాయాలి, ఎవరి భాగం వాళ్లకు విడిగా కాపీ తీయించాలి, పిల్లలతో సాధన చేయించాలి. ఆ టెన్షన్‌లో పుట్టిన సంగీతాన్నే ఇవాళ మనం కళ్లు మూసుకుని వింటున్నాం.

హోస్ట్: ఆ చర్చిలు ఇంకా ఉన్నాయా?

అతిథి: ఉన్నాయి. సెయింట్ థామస్, సెయింట్ నికోలస్ రెండూ ఉన్నాయి. ఏసు శ్రమల కథని పాటగా చెప్పే బాఖ్ రచన సెయింట్ జాన్ పాషన్‌ని మొదటిసారి 1724 గుడ్‌ఫ్రైడే నాడు నికోలస్ చర్చిలో వినిపించారు. థామస్ చర్చిలో ఒక విశేషం చెబుతాను. గాయకులు, వాద్యకారులు వెనక పై గ్యాలరీలో ఉంటారు. కింద కూర్చున్నవాళ్లలో చాలామందికి వాళ్లు కనబడరు. ముందు బలిపీఠం ఉంటుంది, పాట మాత్రం వెనక నుంచి, తల మీదుగా వస్తుంది. టికెట్ కొనుక్కుని వెళ్లి పాడేవాళ్లనే చూడకపోతే ఎలా అని కొందరు విసుక్కుంటారు. నాకైతే అదే నచ్చుతుంది. చూడ్డానికి ఏమీ లేనప్పుడు చెవులు బాగా పనిచేస్తాయి.

హోస్ట్: ఆ గ్యాలరీలో పాడేది బాఖ్ నేర్పిన స్కూల్ పిల్లలేనా? అంటే, ఆ బృందం ఇప్పటికీ కొనసాగుతోందా?

అతిథి: కొనసాగుతోంది. థామనర్‌కోర్ అంటారు. 1212 నాటిది, బాఖ్ కంటే ఐదు వందల ఏళ్లు పాతది. కానీ నేను ఇవాళ ఎక్కువగా చెప్పాలనుకుంటున్నది వాళ్ల గురించి కాదు, యూనివర్సిటీ విద్యార్థుల గురించి. లైప్‌జిగ్ యూనివర్సిటీ 1409లో మొదలైంది. బాఖ్‌ఫెస్ట్ గురించి రాసేవాళ్లు చర్చిల దగ్గరే ఆగిపోతారు. ఆ విద్యార్థులు లేకపోతే బాఖ్ సంగీతంలో చాలా భాగం వినిపించేదే కాదని నా నమ్మకం.

హోస్ట్: అంత మాట అంటున్నారంటే ఏదో గట్టి ఆధారమే ఉండాలి.

అతిథి: బాఖ్ స్వయంగా రాసిందే ఉంది. 1730 ఆగస్టులో నగర కౌన్సిల్‌కి ఒక వినతిపత్రం ఇచ్చాడు. అందులో తన స్కూల్ పిల్లల్ని లెక్కగట్టాడు. 17 మంది పనికొస్తారు, 20 మంది ఇంకా తయారవ్వాలి, 17 మంది అసలు పనికిరారు. వీళ్లతో చర్చిలన్నీ నడపాలి! వాద్యాలకు కూడా మనుషులు చాలరు. అప్పుడు ఆదుకున్నది యూనివర్సిటీ కుర్రాళ్లే. ఇంతకుముందు వాళ్లకు ఎంతో కొంత ముట్టేది, ఇప్పుడు ఆ కాస్తా ఆపేశారు, ఊరికే వచ్చి ఎవరు వాయిస్తారు అని ఆ పత్రంలోనే మొత్తుకున్నాడు.

హోస్ట్: పాపం. అంత గొప్పాయన కూడా మనుషుల కోసం, డబ్బుల కోసం తిప్పలు పడ్డాడన్నమాట.

అతిథి: పడ్డాడు. అయితే అప్పటికే ఇంకో దారి దొరికింది. టెలెమన్ అనే స్వరకర్త పేరు విన్నావా? లైప్‌జిగ్‌లో లా చదవడానికి వచ్చి, చదువు సంగతి పక్కనపెట్టి, విద్యార్థులతో ఒక సంగీత బృందం కట్టాడు. కొలీజియం మ్యూజికమ్ అంటారు. 1729లో ఆ బృందం బాఖ్ చేతికొచ్చింది. త్సిమ్మర్‌మన్ అని ఒకాయన కాఫీహౌస్ ఉండేది, కచేరీలు అక్కడ. చలికాలంలో శుక్రవారం రాత్రి ఎనిమిది నుంచి పది దాకా కాఫీహౌస్ లోపల. వేసవిలో బుధవారం సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా, ఊరి ద్వారం బయట ఆయనకున్న తోటలో.

హోస్ట్: అంటే వేసవి కచేరీలు అప్పుడే ఉన్నాయి!

అతిథి: ఉన్నాయి. 1733 ఫిబ్రవరిలో అక్కడి పాలకుడు అగస్టస్ చనిపోయాడు. సంతాపం అని నెలల తరబడి సంగీతం బంద్. మళ్లీ మొదలైంది జూన్ 17న, బుధవారం, నాలుగింటికి, త్సిమ్మర్‌మన్ తోటలో. ఇంతవరకూ ఈ ఊళ్లో ఎవరూ విననంత మంచి కొత్త హార్ప్సికార్డ్ (పియానో కంటే ముందు వాడిన మీటల వాద్యం) వినిపిస్తామని పత్రికలో ప్రకటన కూడా వేశారు. ఒక్కసారి ఊహించుకో. అన్ని నెలల మౌనం తర్వాత, జూన్ ఎండలో, చెట్ల కింద, చేతిలో కాఫీ, ఎదురుగా బాఖ్. చుట్టూ వాయించేది ఇరవై ఏళ్ల కుర్రాళ్లు.

హోస్ట్: ఆ కాఫీహౌస్ చూడొచ్చా ఇప్పుడు?

అతిథి: లేదు. 1943 డిసెంబర్‌లో బాంబు దాడిలో పోయింది. లైప్‌జిగ్‌లో ఇలా పోయినవి చాలా ఉన్నాయి. అన్నిటికంటే బాధ కలిగించేది యూనివర్సిటీ చర్చి. బాఖ్ అక్కడ కూడా వాయించాడు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడినా తట్టుకుని నిలబడింది. తూర్పు జర్మనీ ప్రభుత్వం మాత్రం 1968 మే 30న దాన్ని డైనమైట్ పెట్టి పేల్చేసింది. యూనివర్సిటీకి కొత్త భవనం కావాలట.

హోస్ట్: ఎవరూ అడ్డుకోలేదా?

అతిథి: నిరసన తెలిపినవాళ్లను అరెస్టు చేశారు. కానీ మూడు వారాల తర్వాత, జూన్ 20న, అంతర్జాతీయ బాఖ్ పోటీ ముగింపు సభ జరుగుతోంది. హాలు నిండా జనం, విదేశీ అతిథులు. ఉన్నట్టుండి వేదిక పైనుంచి ఒక పెద్ద బ్యానర్ జారి కిందికి విచ్చుకుంది. దాని మీద కూల్చేసిన చర్చి బొమ్మ, ‘మళ్లీ కట్టాలని మా డిమాండ్’ అనే మాట. దాన్ని విప్పడానికి అక్కడ మనిషి లేడు. అలారం గడియారానికి కట్టి, సరిగ్గా ఆ టైముకి జారేలా ముందే ఏర్పాటు చేశారు. చేసింది యువ భౌతికశాస్త్రవేత్తలు. పైన ఎవరూ దొరకరు, కింద చప్పట్లు ఆగవు.

హోస్ట్: వింటుంటేనే ఒళ్లు గగుర్పొడుస్తోంది అక్కా.

అతిథి: తర్వాత ఆ కుర్రాళ్లలో ఒకరిని పట్టుకుని జైల్లో పెట్టారు. అది మర్చిపోకూడదు. ఇప్పుడు అదే చోట పాత చర్చిని గుర్తుచేసే ఆకారంలో పాలీనమ్ అనే భవనం ఉంది. 2017లో తెరిచారు. అక్కడ ప్రార్థనలూ జరుగుతాయి, యూనివర్సిటీ సభలూ జరుగుతాయి, కచేరీలూ జరుగుతాయి. కొత్తగా, తెల్లగా మెరిసిపోతుంది. పాతదాన్ని యథాతథంగా కట్టాల్సింది అని ఇంకా వాదించేవాళ్లున్నారు. నాకు ఆ వాదన అర్థమవుతుంది కానీ, అందులో మళ్లీ ఆర్గన్ మోగుతోంది కదా, నాకు ముందు అదే ముఖ్యం.

హోస్ట్: పంతొమ్మిదో శతాబ్దపు స్వరకర్త మెండెల్సన్ కూడా లైప్‌జిగ్‌లోనే కదా ఉన్నాడు?

అతిథి: అవును. 1840 ఆగస్టులో థామస్ చర్చిలో ఒక్కడే ఆర్గన్ కచేరీ చేశాడు. ఆ డబ్బు బాఖ్ స్మారకం కట్టడానికి. మూడేళ్లకు స్మారకం లేచింది. అలాంటివాడి విగ్రహాన్ని, పుట్టుకతో యూదుడని, 1936లో నాజీలు రాత్రికి రాత్రే పీకేశారు. 2008లో మళ్లీ చేయించి థామస్ చర్చి దగ్గర పెట్టారు. కచేరీకి వెళ్తే తప్పకుండా చూడు.

హోస్ట్: చివరిగా, మొదటిసారి వెళ్లేవాళ్లు ఏం వినాలి?

అతిథి: అందరూ ముగింపు కచేరీకి ఎగబడతారు. థామస్ చర్చిలో బి మైనర్ మాస్ అనే బాఖ్ పెద్ద ప్రార్థనా సంగీత రచనతో ఉత్సవం ముగించడం ఆనవాయితీ. ఆ చర్చిలోనే బాఖ్ సమాధి కూడా ఉంది. టికెట్లు చాలా ముందే అయిపోతాయి, కాబట్టి ప్రోగ్రామ్ రాగానే చూసుకోవాలి. కానీ అది దొరకలేదని దిగులు పడొద్దు. నన్నడిగితే ముందు ఒక కాంటాటా వినమంటాను. చాలావరకు ఇరవై, ముప్పై నిమిషాల్లో అయిపోతాయి. సాహిత్యం అనువాదం ముందే చదువుకుని వెళ్లండి. ఏ మాట దగ్గర ఏ వాద్యం లేస్తుందో తెలుస్తుంది. మార్కెట్ కూడలిలో ఆరుబయట ఉచిత కచేరీలు కూడా ఉంటాయి, పిల్లలతో వెళ్లేవాళ్లకు అవి హాయి.

హోస్ట్: మీరైతే దేనికి వెళ్తారు?

అతిథి: విద్యార్థులు వాయించేది ఏదుంటే దానికి.

హోస్ట్: థాంక్యూ అక్కా. వచ్చే ఎపిసోడ్‌లో టెలెమన్ గురించి విడిగా మాట్లాడుకుందాం. అప్పటిదాకా సెలవు.